కారు అడుగుకు సిందూరం

"ఆరిందా?" అన్నాడు.

"ఆరింది. ఏలు పెట్టి సూసిన, అంటుతలేదు."

"అయితె ఆనలు రాకముందే రెండోది పుయ్యాలె."

"పుయ్యచ్చు తియ్యి. ముందుగాల్ల ఇంత గంజి తాగు."

నా మగడూ నేనూ మాట్లాడుకున్న ఆఖరు మాటలు ఇవే. గంజి కాచి తెచ్చేసరికి ప్రాణం పోయింది. జ్వరం నెమ్ములోకి దిగిందని డాక్టరు ముందు రోజే చెప్పాడు.

ఆరిందా అని అడిగింది కారు అడుగుకు పూసిన సిందూరం గురించి. నేను చెబుతుంటే నా మరిది బిడ్డ రాస్తోంది కాబట్టి, మొదటినుంచే చెబుతాను.

మాకు భూమి లేదు. పాత కారు ఒకటి ఉండేది. పెద్దపల్లి స్టేషన్‌లో రైలు దిగినవాళ్లను ఆయన అందులో మంథని దాకా దించి వచ్చేవాడు. రోడ్డు సగం గుంతలు, సగం బురద. ఆ నీళ్లకు అడుగు రేకు తుప్పుపట్టి చిల్లులు పడింది. ఎక్కినవాళ్లు ఊరుకుంటారా?

"ఏందన్నా, నువ్వు కారు తోలుతున్నవా, మేం నడుస్తున్నమా? కాళ్లు రోడ్డుకే తగులుతున్నయి" అన్నాడట ఒకాయన.

"జర ఉరుకుండ్రి మరి, జల్ది పోతం" అన్నాడట ఈయన.

నవ్వులాట సరే. కరీంనగర్‌లో బండ్లు చూసే ఆఫీసరు మాత్రం అడుగు బాగుచేయనిదే పాస్ చేయనన్నాడు. పాస్ కాకపోతే కారు పాత ఇనుముకు పోతుంది, ఈయన బెల్లంపల్లి బొగ్గుబాయికి పోవాలి. ఆ బాయిలో ఉండలేక ఒకసారి పారిపోయి వచ్చిన మనిషే.

తుప్పు తిన్నంత మేర కోసేసి, నూనె డ్రమ్ము రేకుతో మాట్లు వేశాడు. మాటు వేస్తే పని అయిపోదు. పాత రేకూ కొత్త రేకూ కలిసే సందులో నీళ్లు నిలిస్తే తుప్పు లోపలినుంచి మళ్లీ తింటుంది. అందుకని ఇనుము తెల్లగా తేలేదాకా గీకి, నూనెలో కలిపిన సిందూరం రెండు పూతలు పూయాలి. అది ఆరాక సందుల్లో లప్పం కూరి, అంతటి మీదా రోడ్డుకు పోసే డాంబర్ పూయాలి.

సిందూరం పొట్లం తెచ్చి వాళ్ల అమ్మ చేతిలో పెట్టాడు. "అవ్వా, గిది జర నూనెల కలుపు" అన్నాడు. మా అత్త కలిపింది, ఆయన పూశాడు. ఎన్ని ఎండలు కాసినా ఆరలేదు. ముట్టుకుంటే వేలికే వచ్చేది.

"ఏం నూనె కలిపినవే అవ్వా?"

"గా నువ్వుల నూనే. అంజన్నకు గదే గదరా కలుపుడు."

"అంజన్నకు గాదే, కారుకు! గిది ఆరాలె!"

"అంజన్నకు ఎన్నడన్న ఆరిందారా? ఎప్పుడు ముట్టినా ఏలుకు అంటుతనే ఉంటది. ఆరాల్నని నాకు జెప్పినవా?"

ఆయన కారు కిందే పడుకుని నవ్వాడు. ఆరేది అవిసె నూనె. సిందూరం అంటే మా ఇంట్లో ఎరిగింది ఆంజనేయుడి మీదిదే, అడగడానికి ఎవరికీ తోచలేదు. అదంతా కిరోసిన్ గుడ్డతో తుడిచి, నీళ్లతో కడిగి, ఆ తడి నేల మీద వెల్లకిలా పడుకుని మళ్లీ గీకాడు. అవిసె నూనెతో మొదటి పూత వేసి లేచాడు, ఆ రాత్రే ఒళ్లు కాలింది.

దినాలు అయ్యాయి. మొగులు పట్టింది. కారు తోలి ఇల్లు నడుపుతానని మరిది అన్నాడు గానీ, అతనికి తోలడమే వచ్చు. కారు పాస్ కాకపోతే నేను అన్నదమ్ముల ఇంట్లో ఒక మూలకు పోవాలి. కొంగు బిగించి కారు కిందికి దూరి రెండో పూత నేనే పూశాను. చేతులు కడుక్కుందామని బయటికి వస్తే, మోచేతుల దాకా ఎర్రగా ఉన్న నన్ను వాడకట్టు ఆడవాళ్లు చూశారు.

"ఏందే గిది? బొట్టు తుడిసి నెల గాలే, అప్పుడే సిందూరం ముట్టినవు?" అంది ఒకామె.

మా అత్తే గడపలోనుంచి అంది: "ఇనుముకు పెడుతున్నదే, తుప్పు పట్టకుంట. నీ నాలికెకు సుత జర పెట్టుమందునా?"

ఆమె మళ్లీ మా వాకిట్లోకి రాలేదు.

పూత ఆరాక లప్పం కూరాను. డాంబర్ మా అత్త కాచింది. ఈసారి, "పిల్లా, గీండ్ల ఏం నూనె కలపాల్నే?" అని ముందే అడిగింది.

"ఏం కలపకత్తా" అన్నాను.

కరీంనగర్‌కు నేనూ పోయాను. ఆఫీసరు మాట్ల మీద స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూశాడు. లోపల బిందెడు నీళ్లు పోయించి, వంగి కిందికి చూశాడు. చుక్క దిగలేదు.

"ఎవరు చేసిండ్రు?" అన్నాడు.

"మా అన్న, సార్" అన్నాడు మరిది.

నేను కాదనలేదు. కారు పాసయింది. అన్నదమ్ముల ఇంటికి పోలేదు, ఈ ఇంట్లోనే ఉన్నాను.

బిడ్డా, మొదటి పూత ఆయనది, రెండోది నాది. గట్లనే రాసినవా? నాకు కూడబలుక్కుంటెనే అచ్చరాలు వస్తయి. నువ్వే ఒక్కపారి సదివి ఇనిపియ్యి.