నాయన అంగలు

మా నాయనకు టేపు మీద నమ్మకం లేదు. టేపు ఎండకు సాగుతుందనేవాడు, పట్టుకున్నవాడు దొంగైతే ఇంకా సాగుతుందనేవాడు. చిత్తూరు చుట్టుపక్కల కొత్తగా మామిడితోట వేయాలనుకున్న రైతులు ఆయన్ను పిలుచుకుపోయేవాళ్లు. చెట్టుకూ చెట్టుకూ మధ్య ముప్పై అడుగుల ఎడం ఉండాలి. నాయన అంగ సరిగ్గా మూడడుగులు. పది అంగలు వేసి పిడికెడు సున్నం చల్లి, మళ్లీ పది అంగలు. ఆ సున్నం గుర్తుల మీద గుంతలు తీసి మొక్కలు నాటేవాళ్లు. ఆయన గుర్తులేసిన తోటల్లో ఏ మూల నిలబడి చూసినా వరసలో ఒక్క చెట్టు పక్కకు పోదు. ఈ పనికి ఆయన కూలి అడిగేవాడు కాదు, ఎవరైనా ఇవ్వబోతే కోప్పడేవాడు.

నేను ఆయనకు ఒక్కతే కూతుర్ని. ఇల్లరికం అల్లుణ్ణి తెచ్చుకున్నారు కాబట్టి పెళ్లయ్యాక కూడా నాయన దగ్గరే ఉండిపోయాను. చిన్నప్పుడు ఆయనతో తిరుపతి పోవడమంటే నాకు ఏడుపొచ్చేది. బస్సు దిగిన మరుక్షణం ఆయన జనంలోకి దూసుకుపోయేవాడు, నేను వెనక పరుగెత్తాలి. "నాయనా, నిలబడు" అని అరిస్తే వెనక్కి తిరక్కుండానే "రా పాపా, రా" అనేవాడు. ఇప్పుడు నాకు యాభై దాటాయి, మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు కిర్రుమంటున్నాయి. అయినా ఆయనకు పాపనే.

ఆయన నడక ఎప్పుడు మారిందో చెప్పమంటే నేను చెప్పలేను. రోజూ కళ్ల ముందు తిరిగే మనిషిలో మార్పు కనబడదు. ముందు చెప్పుల చప్పుడు మారింది. టపటపమనేది కాస్తా నేలకు రాసుకుంటూ ఈడ్చినట్టు వినబడసాగింది. ఆ తర్వాత వెనక్కి తిరగడం మారింది. పిలిస్తే గిర్రున తిరిగే మనిషి నాలుగైదు చిన్న అడుగులు వేసి నిదానంగా తిరిగేవాడు. గడప దాటేటప్పుడు ఆయన చెయ్యి తనంతట తానే గోడను వెతుక్కునేది. ఒకసారి తిరుపతిలో కంటి డాక్టరు దగ్గరికి పోయినప్పుడు, రోడ్డు దాటి చూద్దును కదా, ఆయన ఇంకా అవతలే ఉన్నాడు. ఒక కాలు ముందుకు పెట్టడం, ఆటో రాగానే వెనక్కి తీసుకోవడం. నాకు విసుగొచ్చింది. వెనక్కి పోయి చెయ్యి పట్టుకుని, "ఏంది నాయనా, పెండ్లికూతురి మాదిరి నడస్తా ఉండావు" అన్నాను. ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. అది తలచుకుంటే ఇప్పుడు నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

పోయినేడు వానలకు ముందు మా చిన్నాయన కొడుకు, నాకు తమ్ముడు, రెండెకరాల్లో తోతాపురి మామిడి వేయాలనుకున్నాడు. గుర్తులు వేయడానికి నాయన్నే పిలిచాడు. ఆయన పొద్దున్నే తలగుడ్డ చుట్టుకుని పోయి, మధ్యాహ్నానికి చేనంతా గుర్తులేసి, చెమటలు కక్కుతూ ఇంటికొచ్చాడు. "ఎనభైకి దగ్గర పడినా. సేనంతా ఒక్కణ్ణే సుట్టేసి వచ్చినా సూడు" అన్నాడు. ఆ పూట రెండుసార్లు పెరుగన్నం పెట్టించుకుని తిన్నాడు.

సాయంత్రం తమ్ముడు వచ్చి నన్ను పెరట్లోకి పిలిచాడు.

"అక్కా, గుర్తులు దగ్గరదగ్గరగా అనిపిస్తే టేపు పెట్టి సూసినా. ఇరవైమూడు అడుగులే ఉండాది. యాడ కొలిసినా అంతే."

నాయన లెక్క తప్పలేదు. పది అంగలే వేశాడు. ఆ అంగ కురచైపోయింది.

"పెద్నాయనకు సెప్పేద్దామక్కా. ఏం సెయ్యాల్నో ఆయనే సెప్తాడు."

"నోరు మూసుకో. జన్మంతా దాని మీద పేరు తెచ్చుకున్న మనిషి. ఇది ఇంటే తట్టుకుంటాడా? టేపుతో మార్చేద్దాం. ఆయనకేం తెలీదు" అన్నాను.

మర్నాడు తెల్లవారుతుండగానే నేనూ తమ్ముడూ చేనుకు పోయి, నాయన చల్లిన సున్నం మీద మట్టి కప్పి కొత్త గుర్తులు పెట్టాం. దొంగపని చేస్తున్నట్టు మాటిమాటికీ దారి వైపు చూసుకున్నాను. లోపల మాత్రం పెద్దాయన్ను కాపాడుతున్నాననే గర్వం. అదే నా రోగం. ఎవరికి ఏది మంచిదో నాకొక్కదానికే తెలుసనుకుంటాను.

రెండు రోజులకు జేసీబీ పెట్టి గుంతలు తీశారు. నాయన్ను రావద్దన్నా వచ్చాడు. ఒక గుంత దగ్గర మొదలుపెట్టి పక్క గుంత దాకా అంగలు వేశాడు. పెదవులు కదుపుతూ లెక్కపెట్టుకుంటున్నాడు. అక్కణ్ణుంచి మళ్లీ వెనక్కి వేశాడు.

"పాపా, పదమూడు వస్తా ఉండాదే. నా గుర్తులు ఎవురు మార్సినారు?"

తమ్ముడు నా వైపు చూశాడు. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. "జేసీబీ ఆయన సరిగ్గా సూసుకోలేదేమో నాయనా" అన్నాను.

నాయన ఆ జేసీబీ మనిషిని అందరి ముందూ కడిగేశాడు. అతను తమిళనాడు వైపు నుంచి వచ్చిన నడివయసువాడు. ఏదో అనబోయి, నాయన వెనక నేను చేతులు జోడించడం చూసి ఆగాడు. "సరి పెద్దాయనా, తప్పు నాదే" అని తల దించుకున్నాడు.

ఇంటికొచ్చాక నాయన అన్నం ముందు నుంచి సగంలో లేచిపోయాడు. నేను కోపమనుకున్నాను. కాదు, అనుమానం. చేనులో గుంతలన్నీ ఒకే కొలతన పక్కకు జరగవని ఆయనకు తెలియదా?

ఆ సాయంత్రం ఆయన మా సొంత తోటలోకి పోయాడు. అక్కడి బేనిషా మామిడిచెట్లు ఆయన వయసులో ఉన్నప్పుడు తానే కొలిచి నాటినవి. వాటిని ఏ జేసీబీ కూడా జరపలేదు. నేను గట్టు మీద గడ్డి కోస్తున్నాను. ఒక చెట్టు మొదలు నుంచి పక్క చెట్టు మొదలు దాకా నడిచాడు. అక్కడా పదమూడే వచ్చుండాలి, చెట్టుకు చెయ్యి ఆనించాడు. తర్వాత పంచె ఎగ్గట్టి వెనక్కి బయలుదేరాడు, ఈసారి కాళ్లు బార్లా చాపి, ముప్పై ఏళ్లవాడి మాదిరి. కొడవలి పారేసి "నాయనా, నాయనా" అని అరుస్తూ పరుగెత్తాను. చెట్టు ఇంకా నాలుగు గజాల దూరం ఉందనగా పడిపోయాడు.

మా వైపు ఎముక విరిగితే ముందు నాటుకట్టు కోసం పుత్తూరు పరుగెత్తుతారు. మేమూ అదే చేశాం. కట్టు కట్టే ఆయన తుంటి తడిమి చూసి, "ఈ వయసుకు తుంటి కాడ కట్టు నిలవదమ్మా, తిరుపతికి పిల్సుకోని పోండి" అన్నాడు. తిరుపతిలో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు వాకర్ పట్టుకుని మంచం నుంచి వాకిలి దాకా నడుస్తాడు. జానెడు జానెడు అడుగులు, కళ్లు నేల మీదే. అంతకుమించి ఆశపడొద్దన్నారు. తోటల వాళ్లు ఎవరూ ఇప్పుడు ఆయన్ను అడగడానికి రారు.

మొన్న ఆయన కాళ్లకు నూనె రాస్తూ ఇక తట్టుకోలేకపోయాను. టేపు, మట్టి కప్పిన సున్నం, పాపం తిట్లు తిన్న ఆ జేసీబీ మనిషి, అంతా చెప్పేశాను. "నువ్వు బాధపడతావని సెప్పలేదు నాయనా" అని ఏడ్చాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండును.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు.

"పిచ్చిదానా, ఆ పొద్దే సెప్పుంటే పదికి బదులు పదమూడు ఏసుండేవాణ్ణి గదా."