మిద్దె మీద ఎనిమిది గంటలు

సింగానల్లూరులో మా అన్న మనవరాలు ఉపగ్రహాలతో భూమిని కొలిచే చదువు చదువుతోంది. కాలేజీవాళ్లు ఇచ్చిన రిసీవర్‌ను మా మిద్దె మీద స్టాండుపై నిలిపి, ఎనిమిది గంటలు తెగకుండా సిగ్నల్ పట్టాలి. పొద్దున పిల్ల దాన్ని పెట్టి కిందికి దిగింది. మర్నాడు సాయంత్రం దాన్ని తిరిగి ఇచ్చేయాలి. అప్పటికి కొలత లేకపోతే ప్రాజెక్టు లేదు.

మధ్యాహ్నం నేనూ పిల్లా పైకెళ్లి చూస్తే, రిసీవర్ నెత్తిన ఎవర్‌సిల్వర్ స్టీలు గిన్నె బోర్లించి ఉంది. పక్కనే మా వదిన వడియాలకు కాపలా కూర్చుంది.

“ఏమవ్వా, దీన్ని మూసినావు?”

“కాకి ముట్టకుండా, కన్నూ. వడియాలకు కాపలా ఉండి నీ మెషినుకు ఉండొద్దా?”

“దానికి ఆకాశము కనబడాల అవ్వా. గిన్నె దాటి సిగ్నల్ రాదు. సిగ్నల్ లేకుంటే ఈ చోటు ఎక్కడుండాదో అది చెప్పలేదు.”

“మన ఇల్లు ఎక్కడుండాదో నన్నడిగుంటే చెప్పుందును గదా!”

పిల్ల నవ్వింది. అప్పటికే మూడు గంటల కొలత పోయింది. “పరవాలే, రేపు పొద్దున మొదట్నుంచి పెడతాను” అంది.

మర్నాడు వదిన వడియాలు పెట్టలేదు. కర్ర పట్టుకుని మెట్ల దగ్గర కూర్చుంది. పలకరించ వచ్చిన ఎదురింటావిడను, “ఆడనే నిలుచుకోమ్మా, మా పిల్ల పరీక్ష జరగతా ఉండాది” అని ఆపేసింది. నాలుగింటికి పిల్ల వచ్చి, “ఎనిమిదీ నిండినాయి అవ్వా” అనేదాకా కదలలేదు.