పది లైసెన్సులను ఇరవై చెయ్యనన్నాను

ఇన్నేళ్ళూ నన్ను నిలబెట్టిన దేవునికి స్తోత్రం. నోరు తెరిచి కాదనే ధైర్యం ఇచ్చినవాడూ, ఆ మాటతో వచ్చిన నష్టాన్ని ఓర్చుకోనిచ్చినవాడూ ఆయనే గనుక ముందుగా ఆయనకే మహిమ.

మొన్న ఆదివారం ఆరాధన ముగిశాక అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతుంటే ఎవరో చేతిలో కరపత్రం పెట్టారు. లైసెన్సు సర్వర్లను వర్చువల్ మెషీన్లలో నడపడం నేర్పుతారట. నవ్వొచ్చింది. మనం నేర్చుకునే రోజుల్లో, మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఇక్కడి ఇన్‌స్టిట్యూట్లలో ఒక్కో కంప్యూటరు ముందు ముగ్గురం ఇరుక్కుని కూర్చునేవాళ్ళం. సాఫ్ట్‌వేరును కొనుక్కోవాలన్న ఆలోచనే ఎవరికీ ఉండేది కాదు.

తర్వాత పంజాగుట్టలో, భవనాల స్తంభాలకూ దూలాలకూ లెక్కలు కట్టే ఒక డిజైన్ ఆఫీసులో సర్వర్లు చూసుకునే పని దొరికింది. ఇంజినీర్లు ఇరవైమంది, వాళ్ళు వాడే సాఫ్ట్‌వేరుకు లైసెన్సులు పది, అంటే ఒకేసారి పదిమందికే అనుమతి. ఎవరు తెరిస్తే వారికి సర్వరు ఒక లైసెన్సు ఇచ్చి, మూయగానే వెనక్కి తీసుకునేది. పాత సర్వరు మొరాయిస్తుంటే దాన్ని వర్చువల్ మెషీనుకు, అంటే కంప్యూటరు లోపల నడిచే మరో కంప్యూటరుకు, నేనే మార్చాను. చిక్కంతా అక్కడే మొదలైంది. లైసెన్సు తన మెషీనును నెట్‌వర్కు నంబరుతో గుర్తుపడుతుంది. ఇనుప పెట్టెలో ఉండే అసలు కంప్యూటరుకైతే ఆ నంబరు పుట్టుకతోనే వస్తుంది, వర్చువల్ మెషీనుకు మనం పెట్టిందే నంబరు. అదే నంబరుతో నకలు తీసి పక్కన ఇంకో నెట్‌వర్కులో నిలబెడితే డబ్బు కట్టకుండానే పది ఇరవై అవుతాయి.

మా మేనేజరుగారు కోస్తా నుంచి వచ్చిన పెద్దమనిషి. నేను సంఘానికి వెళ్తానని ఎరిగినవారు. ఒకనాడు అందరి ముందూ అన్నారు: "ఏంటమ్మా, మీ ప్రభువు ఐదు రొట్టెలతో ఐదువేల మందికి పెట్టాడంటావు, నువ్వు పది లైసెన్సుల్ని ఇరవై చెయ్యలేవా?"

ఆఫీసంతా గొల్లుమంది.

"ఆ రొట్టెలు ఒకరిస్తే తీసుకున్నవండీ. ఇవి ఇవ్వకుండానే తీసుకోమంటున్నారు. నేను చెయ్యను" అన్నాను.

అప్పుడు మావారికి పని లేదు, ఎస్.ఆర్. నగర్‌లో మేముండే ఇంటి అద్దె నా జీతం మీదే గడిచేది. ఆ సంగతి మేనేజరుగారే గుర్తుచేశారు, ఉద్యోగం ఉండదన్నారు కూడా. వేరే దారి చూపిస్తానన్నాను. పొద్దున్నే సాఫ్ట్‌వేరు తెరిచిపెట్టి, లైసెన్సును పట్టుకుని చాయ్‌కి పోయేవాళ్ళే సగంమంది. అలా వదిలేసినవి కాసేపటికి వాటంతటవే వెనక్కి వచ్చేలా సర్వరులో గడువు పెట్టాను. నేను అన్న అని పిలుచుకునే ఇంజినీరు ఒకాయన లబోదిబోమన్నాడు: "ఏందక్కా, జర చాయ్ తాగొచ్చేలోపు గుంజుకున్నవా? బస్సుల రుమాలు ఏసిపోయినా సీటు ఉంటది గదా!"

తిట్టుకుంటూనే అలవాటుపడ్డారు, పని సాగింది. అయినా మేనేజరుగారికి కావలసింది పని సాగడం కాదు, నేను వంగడం. కొన్నాళ్ళకు పాస్‌వర్డులు అప్పజెప్పి వెళ్ళమన్నారు. నా తర్వాత వచ్చినాయన చేరిన రోజునే నకలు తీశాడని విన్నాను.

సాక్ష్యం చెప్పమన్నప్పుడల్లా మా సంఘ పెద్దలు ముగింపు కోసం ఎదురుచూస్తారు: ఆ ఆఫీసు మూతపడిందా, నాకు అంతకన్నా పెద్ద ఉద్యోగం వచ్చిందా అని. రెండూ జరగలేదు. వాళ్ళు చల్లగానే ఉన్నారు. నేను సనత్‌నగర్‌లో చిన్న వర్క్‌షాపులో తక్కువ జీతానికి కుదిరాను. ఫలితం చూసుకుని నమ్మేదాన్నయితే దేవుణ్ణి ఆనాడే వదిలేసేదాన్ని. ఇవాళ అడిగినా చెయ్యననే అంటాను.

ఇప్పుడు లైసెన్సులు చాలావరకు అమ్మిన కంపెనీ సర్వర్లలోనే ఉంటున్నాయి. తెరిచిన ప్రతిసారీ నువ్వెవరని అడుగుతాయి, నకలుకు చోటే లేదు. మంచిదే. కానీ చెయ్యగలిగి ఉండీ చెయ్యనని చెప్పే అవకాశం ఇప్పటివాళ్ళకు తగ్గిపోతోందేమో, మనం ఎలాంటివాళ్ళమో తేల్చుకునే చోట్లు ఒక్కొక్కటిగా మూతపడుతున్నాయేమో అని దిగులేస్తుంది. అయినా ఈ పూట కూడా ఏదో ఒక ఆఫీసులో ఎవరినో నవ్వుతూనే తప్పు చెయ్యమంటుంటారు. వారికి నోరు పెగలాలనీ, ఆ సాయంత్రం ఇంటికి తలెత్తుకుని వెళ్ళాలనీ, నాతోపాటు మీరూ ఒక్క క్షణం ప్రార్థించండి.