డాడీ తొట్టికి ఏ మెరుపు

మా డాడీ ఐవర్ ప్లాకీస్ ఇరవయ్యేడేళ్లు కార్ల ఫ్యాక్టరీలో తలుపులకు రబ్బరు పట్టీలు బిగించాడు. రోజుకి నాలుగు వందల తలుపులు. ఆయన మాత్రం బస్సులో వెళ్లి బస్సులో వచ్చేవాడు.

తొమ్మిదేళ్ల క్రితం ఆయన ఒక ఫైబర్ బాడీ కొన్నాడు. అరవైల నాటి రెండు సీట్ల పందెం కారుకి నకలు అది. దక్షిణాఫ్రికాలో మా ఊరు పోర్ట్ ఎలిజబెత్‌లో అలాంటి నకళ్లు చేసే షెడ్డులో, అచ్చులోంచి కాస్త వంకరగా వచ్చిందని చవగ్గా ఇచ్చారు. గెల్వన్‌డేల్‌లోని మా ఇంటి ముందు దాన్ని లారీలోంచి దించుతుంటే పక్కింటి హసీమ్ అంకుల్ గోడ మీద మోచేతులు ఆనించి చూశాడు. ఆయనా డాడీతో ఆ ఫ్యాక్టరీలోనే పనిచేసేవాడు. "ఐవర్, ఇంత పెద్ద స్నానాల తొట్టి ఎందుకురా, ఇంట్లో ఉన్నది ముగ్గురేగా?" అన్నాడు. ఆ రోజు నుంచి వీధి మొత్తానికి అది తొట్టే.

తర్వాత అమ్మ జబ్బు పడింది. నేను పదో తరగతి మధ్యలో బడి మానేశాను. అమ్మ పోయాక తిరిగి వెళ్లలేదు. ఇసుక కాగితం పట్టుకుని తొట్టి పక్కన కూర్చున్నాను. నాకు మాటలు తక్కువ, దానికి అసలే లేవు, ఇద్దరికీ కుదిరింది.

పోయిన వారానికి ఇంజను, చక్రాలు అన్నీ అయ్యాయి. రంగు ఒక్కటే మిగిలింది. ఆదివారం ఫ్యాక్టరీ పాతవాళ్లంతా తమ బళ్లతో సముద్రం రోడ్డు మీద ఊరేగుతారు. తొట్టి అందులో కారులా కనబడాలి, అదే డాడీ పంతం. మా ఊరి గాలికి ఆరుబయట రంగు వేస్తే ఇసుకా దోమలూ అంటుకుంటాయి. ఫ్యాక్టరీలో రంగుల విభాగంలో చేసిన టైటస్ అంకుల్ తెలిసిన షెడ్డులో శుక్రవారం ఒక్కరోజుకి రంగు వేసే గది మాట్లాడాడు. ఏ మెరుపో ఈలోగా తేల్చమన్నాడు.

నీలమే అని ఎప్పుడో తేలిపోయింది. తనకి తొమ్మిదేళ్లప్పుడు డాడీ రేసు ట్రాకు దగ్గర, తెల్లవాళ్లకి దూరంగా మావాళ్లను నిలబడనిచ్చిన కంచె లోంచి, అలాంటి ముదురు నీలం కారునే చూశాడు. అద్దంలా మెరిసిందట. అందుకే రంగులో వెండి పొడి, దాని మీద మందంగా పారదర్శకమైన పూత కావాలన్నాడు. హసీమ్ వచ్చి అందులో చూసుకుని తల దువ్వుకోవాలన్నాడు. టైటస్ అంకుల్ మాత్రం పొడి లేని నీలం, సగం మెరుపు చాలన్నాడు. రెండు రకాలూ రెండు రేకుల మీద వేసి ఇచ్చాడు. మూడు నాలుగు రోజులు వీధిలోవాళ్లు వాటిని ఎండలో తిప్పి తిప్పి చూసి వాదించుకున్నారు. డాడీ అన్నం తినేటప్పుడు కూడా అద్దం మెరుపు రేకుని పళ్లెం పక్కనే పెట్టుకునేవాడు.

నా లోపల ఒక భయం ఉంది. ఇసుక కాగితాన్ని చెక్కముక్కకు చుట్టే రుద్దాలి. ఎడమ వెనక చక్రం పైన ఉన్న వంపులో చెక్క సరిగా కూర్చోక, నేను వట్టి వేళ్లతో రుద్దాను. అలా రుద్దితే వేళ్లు ఆనిన చోట చాళ్లు పడతాయి. తడిమితే తెలియవు, మసక పూత మీద కనబడవు. అద్దం మెరుపు వేస్తే దాగవు.

బుధవారం పొద్దున డాడీ టైటస్ అంకుల్‌కి ఫోన్ చేయబోతున్నాడు. నేను బకెట్టు తెచ్చి ఆ వంపు మీద నీళ్లు కుమ్మరించాను. ఎల్లుండి రంగు ఇవ్వబోయే మెరుపుని నీళ్లు కాసేపు ముందుగానే చూపిస్తాయి.

"డాడీ, ఇటు రా," అన్నాను.

టీ కప్పుతో వచ్చాడు. ఏటవాలు ఎండలో తడి వంపు చూసి ఆగిపోయాడు. "ఇదే లెటీషా తల్లీ. ఆ రోజు నేను చూసింది ఇదే."

"కింద కూర్చుని చూడు."

కూర్చున్నాడు. మా ఇంటి కప్పు అంచు ప్రతిబింబం తడి మీద తిన్నగా వచ్చి, ఆ వంపు దగ్గర నాలుగు సార్లు వంకర తిరిగింది.

"చెక్క లేకుండా రుద్దాను. నేనే పాడుచేశాను," అన్నాను.

ఆయన నా చెయ్యి పట్టుకుని ఆ వంకరల మీద ఆనించాడు. నా నాలుగు వేళ్లూ రెండు వంకరలకే సరిపోయాయి. తర్వాత తన చెయ్యి పెట్టాడు. వంకరకొక వేలు, అచ్చు గుద్దినట్టు.

"నీ వేళ్లు ఇంత లావు ఎప్పుడయ్యాయే?" అని టీ ఒలికేదాకా నవ్వాడు. నన్ను చర్చికి పంపి, ఒంట్లో బాలేదని తను ఇంట్లో ఉండిపోయిన ఆదివారాల్లో ఆయనా ఆ వంపుని వట్టి వేళ్లతోనే రుద్దాడట.

మధ్యాహ్నం టైటస్ అంకుల్ వంపుకి తగ్గట్టు వంగే పొడవాటి చెక్కతో వచ్చి, వంపు మీద నల్లపొడి చల్లి రుద్దమన్నాడు. నలుపు మిగిలిన చోటు పల్లం. గురువారం సాయంత్రానికి మూడు వంకరలు పోయాయి. నాలుగోది పోలేదు. ఇంకా రుద్దితే ఫైబర్ పోగులు బయటపడతాయని అంకుల్ ఆపించాడు.

డాడీ అద్దం రేకుని చేతిలో తిప్పుతూ ఉండిపోయాడు. అప్పుడు అంకుల్ అన్నాడు: "ఐవర్, ఆ కంచె దగ్గర నేనూ ఉన్నా. ఆ రోజు తుంపర పడిందిరా. ఆ కాలం రంగులకి అంత మెరుపెక్కడిది? నువ్వు చూసింది వాన."

డాడీ రేకు తిప్పడం ఆపి, "అవును, మా అమ్మ నా నెత్తిన సంచి కప్పింది," అన్నాడు. అద్దం రేకు పక్కన పెట్టి రెండోది తీసి అంకుల్ చేతిలో పెట్టాడు. "సగం మెరుపే వెయ్యి. మిగతా సగం వానలో చూసుకుంటా."

శుక్రవారం గది కిటికీకి ముక్కు ఆనించి చూశాను. బూడిద రంగు తొట్టి అంచు నుంచి అంచుకి నీలమవుతుంటే కాళ్లు నేల మీద నిలవలేదు. శనివారమంతా తలుపులు, దీపాలు బిగించాం.

ఆదివారం పొద్దున హసీమ్ అంకుల్ కొబ్బరి అద్దిన కూక్‌సిస్టర్లనే తీపి బూరెల పళ్లెంతో వచ్చాడు. పళ్లెం గోడ మీద పెట్టి, కళ్లద్దాలు తగిలించుకుని, నేరుగా ఎడమ వెనక చక్రం దగ్గర కూర్చున్నాడు. లోపాలు ఎక్కడ దాక్కుంటాయో ఫ్యాక్టరీ మనిషికి తెలుసు. అటూ ఇటూ తల వంచి చూశాడు. ముట్టుకోబోయి, చెయ్యి ప్యాంటుకి తుడుచుకుని, మళ్లీ ముట్టుకోకుండానే లేచాడు.

"ఐవర్, ఈ కారులో నన్నెప్పుడు తిప్పుతావు?"

తొమ్మిదేళ్లలో ఆయన నోట దానికి 'కారు' అన్న మాట రావడం మొదటిసారి. డాడీ నా వైపు చూసి కన్నుకొట్టాడు. "ముందు లెటీషా. నువ్వు కాళ్లు కడుక్కుని కూర్చో."

సముద్రం రోడ్డు ఎక్కేసరికి గాలి హోరెత్తింది. ఒక అల గోడకి కొట్టుకుని, తుంపర వచ్చి మా మీద పడింది. వెనక్కి తిరిగి చూశాను. తడిసిన నీలం అద్దంలా వెలిగింది. నాలుగో వంకర కూడా కనిపించింది.

"డాడీ, నీ వేలు!" అని అరిచాను. వినపడిందో లేదో, ఆయన ఇంకాస్త వేగం పెంచాడు.