వేరుతో సహా

ఆశ్వయుజ మాసం, బుధవారం. పాలు అర లీటరే తీసుకున్నాను. ఇడ్లీ ఒక్క వాయి వేశాను. ఉతకాల్సిన బట్టలు ఒక బకెట్టు, వాటిలో దుప్పట్లు లేవు. మందుల డబ్బా ఖాళీ చేసి, కడిగి, బోర్లించాను. పదకొండు కాకముందే పనులన్నీ అయిపోయాయి.

మా అత్తగారు పోయారు. పెద్దకర్మ అయి నాలుగు రోజులు. ఆవిడ గుంటూరు వైపు ఆడపిల్లల కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పారు. అప్పటి విద్యార్థినులు ఫోన్ చేసి, చివరి ఏళ్ళు ఎలా గడిచాయని అడుగుతున్నారు. వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

తుంటి ఎముక విరిగాక ఆవిడ మా రెండో అంతస్తు దిగలేదు. మేడ్చల్ నుంచి శామీర్‌పేట వెళ్ళే దారిలో మా కాలనీ కొత్తది. లిఫ్టు కోసం గొయ్యి వదిలారు, లిఫ్టు రాలేదు. మా వారు జీడిమెట్లలో షిఫ్టులకు వెళ్ళిపోతే మేమిద్దరమే. ఆవిడను పక్కకు తిప్పాలి, ఒళ్ళు తుడవాలి, వేళకు జావ పట్టాలి. చుట్టాల పెళ్ళిళ్ళకు మా వారు ఒక్కరే వెళ్ళి, తాంబూలం సంచి తెచ్చి బల్లమీద పెట్టేవారు. నేను అందులో కొబ్బరికాయ తీసి పచ్చడి చేసేదాన్ని. ఒక్కోరోజు వంటింటి కిటికీ ఊచలు పట్టుకుని, మలుపులో బస్సు ఆగి వెళ్ళేదాకా ఊరికే చూస్తూ నిల్చునేదాన్ని.

మధ్యాహ్నం ఆవిడ నిద్రపోయే గంట ఒక్కటీ నాది. బయట తాళం వేసి, చెవి బొడ్లో దోపుకుని, ఎదుటి లేఅవుటులోకి వెళ్ళేదాన్ని. ప్లాట్ల హద్దురాళ్ళ మధ్య మోకాలెత్తు గడ్డి. ఒకరోజు అందులోంచి జానెడు మొక్క తెచ్చి చూపించాను. గరుకైన సన్నటి ఆకులు, చిన్న తెల్లపువ్వు, వంగిన పూగొట్టం.

"పీకావా, తవ్వావా?" అన్నారు.

"పీకాను. సులువుగానే వచ్చింది."

"అయితే సగమే తెచ్చావు, అమ్మాయ్. మిగతా సగం గడ్డి వేరుని పట్టుకుని అక్కడే ఉంది."

అది సగం పరాన్నజీవి అని అప్పుడు చెప్పారు. ఆకులు పచ్చగా ఉంటాయి కాబట్టి ఎండలో తన తిండి కొంత తనే వండుకుంటుంది. నీళ్ళూ లవణాలూ మాత్రం పక్క మొక్క వేరులోంచి లాగుతుంది. ఒక్క వానాకాలంలోనే మొలిచి, పూచి, దుమ్ములాంటి గింజలు రాల్చి పోతుంది.

ఎండబెట్టి దాచడానికి కాగితం మడతలో పెడుతున్న ఆ మొక్కను, ఆకుకూరలు అమ్మే ఆమె గంప దించుతూ చూసి నవ్వింది. "గిదేందమ్మా, జొన్నమల్లెను కాగితంల పెట్టి దాస్తున్నరు? మా సేన్ల గిది పడితె జొన్న గిడసబారుతది. మేం పీకి తగలబెడతం."

"మంచి పని. పూత రాకముందే పీకండి," అన్నారు అత్తగారు మంచం మీంచి. "కానీ ఇది మీ చేనుది కాదేమోనని నా అనుమానం."

"మల్లె మల్లెనె గదమ్మా."

"మనుషులూ మనుషులే. అయినా నీ పేరు నీకుంది కదా."

ఇలా పక్కదాని వేరు పట్టి బతుకుతూ తెల్లగా పూసే మల్లెల్లో ఆవిడ మూడింటిని వేరుచేసి చెప్పేవారు. పువ్వు రంగును నమ్మొద్దనేవారు, ఎండితే మొక్కంతా నల్లబడుతుంది. పువ్వు అడుగున పచ్చటి గిన్నెలాంటి రక్షకపత్రావళి ఉంటుంది, దాని మీద నిలువు ఈనెలు లెక్కపెట్టాలి. జొన్నమల్లెకు పది. ఇంకోదానికి ఐదు. మూడోదానికి పదిహేను. ఆవిడ కళ్ళకు శుక్లాలు. అందుకని భూతద్దం నా చేతికిచ్చారు. వాడిపోయిన పువ్వు మీద ఈనెలు ఒకదాన్నొకటి కప్పేశాయి.

"పది ఉంటాయనుకుంటా," అన్నాను.

"అనుకుంటే పేరు పెట్టకూడదు. కాగితం మీద పేరు చోటు ఖాళీగా ఉంచు. ఖాళీ తప్పు కాదు."

నెల ఖర్చు పైసలతో సహా సరిచూసుకునే నాకు ఆ ఖాళీ గుచ్చుకునేది. ఆవిడకు మాత్రం అలాంటి వాటితో పేచీ లేదు. ఈ మొక్కల్ని పాత పుస్తకాలు ఒక కుటుంబంలో పెట్టాయట, కొత్తవి తీసి, పొగాకు వేళ్ళ మీద బతికే పొగాకు మల్లె ఉన్న కుటుంబంలో చేర్చాయట. "ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక ఇంటి పిల్లని చెప్పాను. ఇప్పుడు ఇంటిపేరు మారింది. మన సంగతీ అంతేగా. మొక్కకు మాత్రం కబురు అందలేదు," అని నవ్వేవారు.

ఎలా ఉందని ఆకుకూరలామె ఒకసారి పలకరిస్తే, "మల్లెలా ఉన్నాను, పక్కదాని వేరు పట్టుకుని," అన్నారు.

ఆ రోజు నాకు నడుం నొప్పి, పైగా విసుగు. "అయితే నేను జొన్ననా?" అన్నాను వంటింట్లోంచి.

"జొన్నకు నోరుండదు. నీకుంది."

ఆమె నవ్వుకుంటూ వెళ్ళాక, అత్తగారు మెల్లగా అడిగారు. "నిన్నిక్కడ కట్టేశాను కదూ?"

కాదని అనలేకపోయాను. ఆవిడకు అబద్ధం నచ్చదు.

"రేపటినుంచి గంట కాదు, రెండు గంటలు వెళ్ళు," అన్నారు. "నేనేమీ నిద్రపోవడం లేదు. కళ్ళు మూసుకుంటున్నానంతే. మెలకువగా ఉంటే నువ్వు కదలవని."

ఇన్నాళ్ళ మధ్యాహ్నాలూ, నేను చప్పుడు కాకుండా వేసిన తాళం చప్పుడు ఆవిడ వింటూనే ఉన్నారన్నమాట.

ఈ వానాకాలం మొదట్లోనే అడిగారు. "ఈసారి గడ్డితో సహా తవ్వి తే. ఎన్ని ఈనెలో ఖాయంగా చెప్పు. ఆ కాగితం మీద పేరు పడాలని ఉంది." తెస్తానన్నాను. వానలు ఆలస్యమయ్యాయి. మొక్క మొగ్గ తొడిగే వేళకు ఆవిడకు నెమ్ము చేసింది. ఆసుపత్రికి తీసుకెళ్ళడానికి నలుగురు పట్టి, కుర్చీలో కూర్చోబెట్టి మెట్లు దింపారు. అన్నేళ్ళ తర్వాత ఎదుటి లేఅవుటు ఆవిడ ముందుకు వచ్చింది. కళ్ళు చికిలించి అటు తిరిగారు.

"పూశాయా?"

"ఇంకా మొగ్గలే, అత్తయ్యగారూ."

"తొందరపడి తవ్వకు. విచ్చనీ."

ఆసుపత్రి నుంచి ఆవిడ తిరిగి రాలేదు.

ఈ ఉదయం లేఅవుటులో రోడ్డు వేయడానికి జేసీబీ దిగింది. చప్పుడు వినగానే పాత అట్లకాడ తీసుకుని బయల్దేరాను. అలవాటుగా తాళం నెమ్మదిగా వేశాను. పడమటి హద్దురాయి పక్కన మొక్కలు విచ్చి ఉన్నాయి. చుట్టూ లోతుగా తవ్వి, గడ్డితో సహా పెద్ద పెళ్ళగా లేపి, కొంగులో పట్టుకుని వచ్చాను. తిరిగి వస్తూ ఆలస్యమైందని పరుగెత్తాను కూడా. ఇంట్లో ఎవరూ లేరని తలుపు తీశాకే గుర్తొచ్చింది.

బేసినులో నీళ్ళు మార్చి మార్చి కడిగాను. మట్టంతా పోయాక, మల్లె వేరు గడ్డి వేరును తాకిన చోట ఆవగింజ కంటే చిన్న ముడి కనబడింది. విడదీయలేదు. తాజా పువ్వు అడుగున పచ్చగిన్నె అంచుకు ఐదు పళ్ళు, ఒక్కో పంటికి మూడేసి ఈనెలు. కుడినుంచి ఒకసారి, ఎడమనుంచి ఒకసారి లెక్కపెట్టాను. పదిహేను. పైకే చెప్పాను.

కాగితం మీద, పదిహేను ఈనెలదానికి ఆవిడ నేర్పిన శాస్త్రీయ నామం, స్ట్రైగా అంగుస్టిఫోలియా అని రాశాను. కింద, అది పట్టుకున్న మొక్క: ఏదో గడ్డి. దాని పేరు నాకు తెలియదు. ఆ చోటు ఖాళీగా ఉంచాను. రెండు మొక్కల్నీ ముడి చెదరకుండా ఆవిడ మంచం మీద పరిచి, మడత కాగితం కప్పి, పైన ఆవిడ పుస్తకాలు బరువు పెట్టాను. కాగితం అంచున ఒక్క పువ్వు బయటికి వచ్చింది. ఇంకా తెల్లగానే ఉంది, రేపటికి నల్లబడుతుంది.

అత్తగారికి బాకీ: ఒక పేరు, వేరుతో సహా. చెల్లు.