జడల సంఘం

మొన్నామధ్య పప్పులో పోపు పెడుతుండగా ఫోను మోగింది. తెలియని నంబరు. క్రెడిట్ కార్డు అంటగట్టే పిల్ల అయ్యుంటుందని కాస్త గట్టిగానే "ఏంటమ్మా?" అన్నాను. అవతలి అమ్మాయి బెదరలేదు. "నమస్కారమండీ, ఢిల్లీ నుంచి మాట్లాడుతున్నాను. మన సోదరీ సంఘం చరిత్ర పుస్తకంగా వేస్తున్నామండీ. తెలుగు వచ్చు కదా అని ఇటువైపు శాఖలు నాకప్పగించారు. రాజమండ్రిలో ఎవరి తర్వాత ఎవరో అందరూ దొరికారు గానీ మీ దగ్గరికొచ్చి ఆగిపోయిందండీ. మీ చెల్లెలు ఎవరండీ?" అంది. "నాకు చెల్లెలు లేదమ్మా. నాతోనే ఆఖరు" అన్నాను. ఆ పిల్ల "అయ్యో" అని, థాంక్స్ చెప్పి పెట్టేసింది. ఈలోగా పోపు మాడిపోయింది. నేను చెప్పింది సంఘం నిబంధన ప్రకారం నిజమే. కానీ ఆ పూటంతా ఇంకో పని ముట్టుకోబుద్ధి కాలేదు.

ఆ సంఘం సంగతి కాస్త చెప్పాలి. స్వాతంత్ర్యానికి ముందెప్పుడో ఉత్తరాదిన ఒక పెద్ద నగరంలో, ఇల్లు వదిలి హాస్టల్లో చదువుకునే కొందరు ఆడపిల్లలు పెట్టుకున్నారట. కొత్తగా వచ్చిన పిల్ల ఒంటరిగా ఏడవకుండా పై తరగతి అమ్మాయి ఒకతె ఆమెకు అక్కగా ఉండాలి. ఆ చెల్లెలు మరుసటి ఏడు ఇంకొకరికి అక్క కావాలి. అంతే సిద్ధాంతం. ఆ అమ్మాయిలు పెళ్ళిళ్ళయి, ఉద్యోగాలొచ్చి ఎక్కడికి వెళ్తే అక్కడి కాలేజీలో ఒక శాఖ వెలిసింది. అలా ఒక లెక్చరరు గారి ట్రంకుపెట్టెతో పాటు మా కాలేజీకీ వచ్చింది. అన్ని ఊళ్ళలోనూ అక్క తన కొవ్వొత్తితో చెల్లెలి కొవ్వొత్తి వెలిగిస్తే చేరినట్టు. మా ఊళ్ళో గోదావరి గాలి వెలగనిస్తేనా! అగ్గిపెట్టెలు ఖాళీ అయ్యాయి గానీ ఒక్క చెల్లెలూ చేరలేదట. ఆ లెక్చరరు గారు విసిగిపోయి, "కొవ్వొత్తీ వద్దు, పాడూ వద్దు, పిల్లకి శుభ్రంగా జడ వెయ్యండి" అన్నారు. అప్పట్నుంచి మా శాఖలో జడ వేయించుకుంటేనే సభ్యత్వం. పక్క కాలేజీ కుర్రాళ్ళు మాకు జడల సంఘం అని పేరు పెట్టారు. వాళ్ళ మొహం, వాళ్ళకి అదైనా లేదు.

ఆదివారం వస్తే హాస్టల్ వెనక మెట్లు చూడాల్సిందే. కుంకుడుకాయ రసంతో తలంట్లు పూర్తయ్యి జుట్లు ఆరాక, మూడో ఏడు వాళ్ళు పై మెట్టు మీద, వాళ్ళ కాళ్ళ దగ్గర రెండో ఏడు, ఆ కింద మొదటి ఏడు. ఒకరి తల ఇంకొకరి చేతుల్లో. నేను చేరిన ఏడు, మాది యానాం అనగానే అందరూ కిసుక్కుమన్నారు. యానాం అంటే చవక మందే గుర్తొస్తుంది కదా, మాది బట్టల కొట్టే తప్ప సీసాల కొట్టు కాదని చెప్పీ చెప్పీ ఏడుపొచ్చింది. అప్పుడొక అక్క నన్ను లాగి తన ముందు కూచోబెట్టుకుని, చిక్కు తీసి, రెండు జడలూ బిగించి కట్టింది. కణతలు లాగేసేంత బిగింపు. ఆ నొప్పితోటే నాకు ఆ ఊళ్ళో దిక్కు దొరికిందనిపించింది. ఆమె డిగ్రీ అయిపోయి వెళ్ళిపోయింది. ఈలోగా పల్లెపల్లెకీ కాలేజీ బస్సులు వచ్చాయి, హాస్టల్ పలచబడింది. నేను మూడో ఏడుకి వచ్చేసరికి సంఘంలో మిగిలింది నేనొక్కదాన్నే. నా వెనక మెట్టు ఖాళీ, ముందు మెట్టు ఖాళీ. ఆదివారం అద్దం కిటికీకి ఆనించుకుని నా జడ నేనే వేసుకునేదాన్ని. ఆ ఏడు ఒక చెల్లెలైనా చేరకపోతే శాఖ రద్దవుతుందని పైనుంచి కబురు. శాఖ మాట అటుంచితే, నాకు మనిషి కావాలి. అదీ అసలు సంగతి.

జూలైలో ఒక అమ్మాయి తనంతట తానే వచ్చింది. కొవ్వూరు పిల్ల. రోజూ బ్రిడ్జి దాటి బస్సులో వచ్చేది. "అక్కా, మీ సంఘంలో చేరతానండీ" అంది. నా ఆనందం ఎంతసేపో నిలవలేదు. తల మీద చున్నీ తీసింది. నున్నటి గుండు! ఇంజినీరింగు సీటొస్తే తిరుపతిలో కూతురి జుట్టిస్తానని వాళ్ళమ్మగారు మొక్కుకున్నారట. దేవుడు మర్చిపోతాడేమోనని ముందే అడ్వాన్సుగా ఇప్పించేశారు. సీటు రాలేదు, జుట్టు పోయింది. అందుకే మా కాలేజీలో బీయస్సీ.

సంఘం చూసుకునే మేడం దగ్గరికి పరిగెత్తాను. ఆవిడా ఒకప్పుడు ఆ మెట్ల మీద కూచున్న మనిషే. "జడ లేకపోతే ఏంటి మేడమ్, తలకి నూనె రాసి చేర్చేసుకుంటానండి" అన్నాను. ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకుని, "జడే లేకపోతే అది మన శాఖ ఎలా అవుతుందమ్మా? ఆగితే పోయేదేముంది? జుట్టే కదా, పెరుగుతుంది" అన్నారు.

ఆగాం. సెలవైనా ఆ పిల్ల ఆదివారం బస్సెక్కి వచ్చి నా ముందు మెట్టు మీద కూచునేది. నూనె రాయడానికి రూలేమీ అడ్డం లేదు కాబట్టి రాసేదాన్ని. అరచేతికి మొదట గరుకుగా, తర్వాత మెత్తగా తగిలేది. "ఈ వారం దువ్వెన నిలబడిందండక్కా!" అని సంబరపడేది. నేను వాళ్ళమ్మగారి మీద, మేడం మీద, తిరుపతి మీద కూడా విసుక్కుంటూనే గోరింటాకూ మందారాకూ నూరి పట్టించేదాన్ని. ఆ నెలల్లో నేను ఒంటరిదాన్నన్న మాటే మర్చిపోయాను.

దీపావళి వెళ్ళాక ఒక ఆదివారం పూతరేకుల డబ్బాతో వచ్చింది. "అక్కా, రెండో కౌన్సెలింగులో సీటొచ్చిందండీ, కాకినాడలో. రేపే చేరిపోవాలంట" అంది. దేవుడు మొక్కు మర్చిపోలేదు, కాస్త ఆలస్యం చేశాడు, అంతే. నోట్లో పూతరేకు కరగలేదు. "చాలా సంతోషం" అన్నాను. అబద్ధం. నాకు ఏడుపు ముంచుకొస్తోంది.

తను డబ్బా పక్కన పెట్టి, వెనక్కి తిరిగి కూచుంది. "జడ వేసెయ్యండక్కా. ఇవాల్టికి నేనింకా ఈ కాలేజీ పిల్లనే కదండీ."

జుట్టు చెవి పైభాగానికి వచ్చింది. మూడు పాయలు తీశాను. ఒక పాయ ఇంకోదాని మీద వేసేలోపే జారిపోయింది. నీళ్ళతో తడిపి చూశాను, నూనె రాసి చూశాను, పిన్నులు పెట్టి చూశాను. ఎంత పట్టుకున్నా అల్లిక నిలవలేదు. తను నవ్వుతూనే ఉంది గానీ మెడ వంచి అలాగే కూచుంది, నేను చాలు అనేదాకా లేవలేదు. నేను చాలు అనలేకపోయాను. చివరికి బస్సు టైమైందని తనే లేచింది. నా చేతులు రెండూ ఒకసారి పట్టుకుని వదిలి, చున్నీ కప్పుకుని వెళ్ళిపోయింది.

పరీక్షలయ్యాక శాఖ మూసేశారు. ఆ అమ్మాయిని నేను మళ్ళీ చూడలేదు. ఇప్పుడు తనకీ నలభై దాటి ఉంటాయి. జుట్టు నడుం దాకా పెరిగి, పలచబడి, రంగు వేసుకునే దశకి కూడా వచ్చి ఉండొచ్చు. నాకు మాత్రం అది ఇంకా నా వేళ్ళకి చిక్కకుండా చెవి పైనే ఆగి ఉంది. గడిచిన ఇంత కాలమూ దాన్ని బెత్తెడు పెంచలేకపోయింది.