గొంతు పెంచని టీచరమ్మ

రెండో తరగతి టీచరమ్మ పెద్దమాస్టారి నోరు మూయించడం నేను కళ్ళారా చూశాను. మనవరాలు పిట్టని బడిలో దిగబెట్టి, చెప్పు సరిచేసుకుంటున్నట్టు గుమ్మం దగ్గరే నిలబడ్డాను. ఎండలు ఇంకా ముదరని రోజులు. తరగతి కిటికీ గట్టు మీద వరసగా గాజుగ్లాసులు, వాటిలో తడిదూది, దూదికీ గాజుకీ మధ్య చిక్కుడు గింజలు. ఒక్కో గ్లాసు మీద ఒక్కో పిల్ల పేరు.

"ఇది బడా, పాతసామాన్ల కొట్టా? తీసేయండివన్నీ. గింజ మొలుస్తుందని పుస్తకంలో బొమ్మతో సహా ఉంది కదా!" అని ఎగిరిపడ్డాడు పెద్దమాస్టారు.

"మధ్యాహ్నం మీ క్యారేజీలో భోజనం బదులు భోజనం బొమ్మ పెట్టి పంపితే సరిపోతుందా సార్?" అంది ఆవిడ, మంచినీళ్ళు కావాలా అని అడిగినంత నెమ్మదిగా.

వసారా ఊడ్చే ఆయా ఫక్కున నవ్వింది. ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ వెళ్ళిపోయాడు. గ్లాసులు గట్టు మీదే ఉన్నాయి.

అందరూ భేష్ అన్నారు. నాకు అనుమానం మొదలైంది అప్పుడే. నా చదువు మూడో తరగతి, అదీ సగం. మనుషుల్ని చదవడంలో మాత్రం మా వీధిలో నన్ను మించినవాళ్ళు లేరు. పోట్లాటన్నాక గొంతు లేవాలి, చెయ్యి ఆడాలి. అవేవీ లేకుండా గెలిచే మనిషి కడుపులో ఏముందో ఎవరికి ఎరుక?

ఆరా తీశాను. దర్జీ కొట్టు పైగదిలో తల్లితో ఉంటుంది. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు. మాట్లాడితే మన మొహంలోకి గుచ్చి చూస్తూ, ఒక్కో మాటా విడదీసి పలుకుతుంది. ఎంత పొగరో అనుకున్నాను. ఆ తల్లికి చెవులు వినపడవనీ, పెదాలు చూసి మాట పోల్చుకుంటుందనీ, ఈవిడకి చిన్నప్పటి నుంచీ అదే అలవాటనీ దర్జీ పెళ్ళాం చెప్పింది. సరే, ఒకదానికి కారణం దొరికింది. మిగతావాటికి దొరకొద్దూ?

పిల్లలకి ఆవిడ నేర్పేదీ వింతే. రోజూ పొద్దున్నే ఎవరి గ్లాసు వాళ్ళు చూసి, ఉన్నది ఉన్నట్టు గీయాలట. మొలవకపోతే మొలవనట్టే గీయాలి. తప్పు గీస్తే తప్పనదు, "మళ్ళీ చూడు" అంటుంది. ఆ చదువు ఇంటికీ పాకింది. వాన వచ్చేలా ఉంది, బట్టలు తియ్యవే అంటే, "నీకెలా తెలుసు నానమ్మా?" అంటుంది పిట్ట. మొగుడు కూడా నన్ను ఆ మాట అడగలేదు.

ఒకరోజు పిట్ట కళ్ళు వాచిపోయేలా ఏడుస్తూ వచ్చింది.

"అందరివీ మొలిచాయి నానమ్మా, నాదొక్కటే మొలవలేదు. నాకు చేతివాసి లేదంట. నేను ముట్టుకుంటే వాళ్ళవీ చచ్చిపోతాయని ఎవ్వరూ వాళ్ళ గ్లాసుల్లో నీళ్ళు పోయనివ్వట్లేదు. నేనింక బడికి పోను."

ఒళ్ళు మండిపోయింది. ఎండ తగలని మూల పెట్టుంటుంది మాయలాడి, అనుకున్నాను. మర్నాడు మధ్యాహ్నం చడీచప్పుడు లేకుండా బడికి వెళ్ళి కిటికీలోంచి తొంగిచూశాను. పిట్ట గ్లాసు గట్టు నడిమధ్యన ఉంది, నిండా ఎండలో. గది ఖాళీ. టీచరమ్మ ఒక్కతే. బీరువాలో పిల్లలు ఇళ్ళ నుంచి తెచ్చుకున్న గింజల్లో మిగిలినవి, పేర్లు రాసిన పొట్లాల్లో ఉన్నాయి. అందులోంచి పిట్ట పొట్లం తీసి, ఒక గింజ చటుక్కున నోట్లో వేసుకుంది!

దొరికింది దొంగ! లోపలికి దూసుకెళ్ళాను. "మా పిల్ల గింజలు బుక్కుతున్నావా? కడుపు నిండలేదా నీకు?"

ఆవిడ ఉలిక్కిపడలేదు. గింజ పటుక్కున కొరికి, నా మొహంలోకి చూస్తూ పొట్లం చాచింది. "మీరూ ఒకటి కొరకండి పెద్దమ్మగారూ. ఇవి వేయించినవి కదూ?"

కొరకక్కర్లేదు, వాసనకే తెలిసింది. మా ఇంట్లో ఏ గింజలైనా దోరగా వేయించాకే డబ్బాలోకి. మా అత్తగారి కాలం నుంచీ అంతే, పురుగు పట్టదు. పిట్ట ఆ డబ్బాలోంచే గుప్పెడు తెచ్చుకుంది. నిప్పు తగిలిన గింజ ఎక్కడ మొలుస్తుంది?

"ఓ పని చెయ్యి టీచరమ్మా," అన్నాను గొంతు తగ్గించి. "ఎవరిదైనా మంచి మొలక ఒకటి దాని గ్లాసులో పెట్టెయ్. మూడో కంటికి తెలియదు."

"పిట్టకి తెలుస్తుందిగా. నిన్న లేనిది ఇవాళ ఇంత పొడుగు ఎలా వచ్చిందని అడుగుతుంది. అడగమని నేర్పిందే నేను."

"అయితే నిజమే చెప్పెయ్."

"నేను చెబితే, ఓదార్చడానికి అంటున్నాననుకుంటుంది. మిగతా పిల్లలూ అంతే. మీరు చెప్పాలి."

"నేనా? అంతమంది పిల్లకాయల ముందా?"

"అవునండీ. రేపు పొద్దున మీ మూకుడు తెండి, పొయ్యి నేను చూసుకుంటాను. పచ్చి గింజలు గుప్పెడు, మీ డబ్బా గింజలు గుప్పెడు తెండి. పచ్చివాటిలో సగం వాళ్ళ ముందే వేయించండి. మూడు రకాలూ మూడు గ్లాసుల్లో పిట్ట చేత్తోనే పెట్టిద్దాం. ఎలా తెలుసని పిల్లలు అడుగుతారు, కోప్పడకుండా జవాబు చెప్పండి. ఇంకొక్క మాట పెద్దమ్మగారూ, మూకుడు కొత్తది తేవద్దు. డబ్బా గింజలు వేయించిన ఆ పాతదే తెండి. మూకుడు మారితే, ఇవీ అవీ ఒకేలా వేగాయని నీకెలా తెలుసంటుంది పిట్ట."